సొట్టమూత గిన్నె

వరద వీధిలోకి వచ్చేసరికి పాస్టరుగారు మోకాళ్ళ మీద ఉన్నారు, ఆయన కూతురు మెట్ల మీద ఉంది. కింద ప్రార్థన హాల్లో కుర్చీలు తేలుతూ ఒకదాన్నొకటి గుద్దుకోవడం మొదలుపెట్టినా ఆయన కళ్ళు తెరవలేదు. పాటల పుస్తకాల కట్టలు, మైకు పెట్టె, దాని బ్యాటరీ, బియ్యం బస్తాలు అన్నీ ఆమే పై అంతస్తుకి చేరేసింది. చివరి బస్తా భుజాన వేసుకుని, "నాన్నా, ఒక చెయ్యి వెయ్యవూ? నీకు తీరిక లేకపోతే పైనున్న ఆయన్నైనా పంపు," అంది.

"ఆయన చెయ్యే నిన్ను మోస్తోంది తల్లీ," అన్నారాయన కళ్ళు మూసుకునే.

"అలాగా? మరి బరువంతా నా నడుం మీదే పడుతోందేం?"

ఈ తగవు ఆ ఇంట్లో పాతదే. తల్లి ఉన్నన్నాళ్ళూ ఇద్దరి మధ్యా ఆవిడ దూదిలా ఉండి, ఇటు మాట అటు గట్టిగా తగలకుండా చూసుకుంది. నిరుడు ఆవిడ పోయాక మాటలన్నీ సూటిగా తగులుతున్నాయి. కూతురు కంప్యూటర్ చదువు చదివి, ఉద్యోగంలో చేరి, ఆ కంపెనీ కాస్తా మూతపడితే పెట్టె సర్దుకుని ఇంటికొచ్చింది. వీధివాళ్ళు ఆమెని కంప్యూటరమ్మాయి అంటారు. దేవుడున్నాడా అని ఎవరైనా అడిగితే, "ఉంటే ఉండనీండి, నా పనికి అడ్డం రాకపోతే చాలు," అంటుంది.

నీళ్ళు వచ్చినంత వేగంగా పోలేదు. నడుం లోతున నిలబడిపోయాయి. కరెంటు లేదు. కొళాయి తిప్పితే బురద, వాసన. అది తాగినవాళ్ళు వాంతులతో పడిపోతున్నారని, ఆసుపత్రికి పోదామంటే పడవ లేదని కబుర్లు వచ్చాయి. సాయం తెచ్చే పెద్ద పడవలు మెయిన్ రోడ్డు దాకా వచ్చి, సరుకు దించేసి వెళ్ళిపోతున్నాయి. నీళ్ళ సీసాలు, బ్రెడ్డు, పాలపొడి, మందులు అన్నీ ప్రార్థన మందిరం పై అంతస్తులో, పాస్టరుగారి ఇంట్లో గుట్టపడ్డాయి.

ఆ గుట్ట ముందు నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని కూతురు తేల్చి చెప్పింది. "నీళ్ళు దిగేదాకా ఈ వీధిలో ఒక్క గొంతు కూడా ఎండదు. ఆ పని నీ ప్రార్థన చేస్తుందో నేను చేస్తానో చూద్దాం."

"పోటీ ఏంటమ్మడూ ఇందులో?"

"నీకు లేదేమో. నాకుంది."

నిజంగానే ఉంది. తల్లి మంచాన పడ్డప్పుడు తండ్రి ఇదే గదిలో, ఇదే మూల మోకరించారు. ఆ మూలని ఆమె ఇంకా క్షమించలేదు.

తెప్ప సంగతి బ్యాంకు బాబాయి చూసుకున్నాడు. ఎదురింటాయన. బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఖాళీ డ్రమ్ములకి పాత తలుపు ఒకటి అడ్డంగా కట్టి, గెడ పట్టుకుని, "సర్వీసంతా జనాన్ని ముంచాను, ఇప్పుడైనా కాస్త తేలుద్దామని," అన్నాడు.

మొదటి రోజు ఆపిన ప్రతి ఇంటి దగ్గరా తలా ఒక చెయ్యి చాపారు. మేడ నిండా సరుకున్న కాంట్రాక్టరు కూడా ఒక కేసు నీళ్ళు లాక్కున్నాడు. చివరి ఇళ్ళ దాకా వెళ్ళేసరికి తెప్ప ఖాళీ. అక్కడ చంటిపిల్లతో కిటికీలో నిలబడ్డ ఒకావిడ తెప్ప వైపు చూసింది. కిటికీ మూసుకుంది, అంతే. అది చూశాక కంప్యూటరమ్మాయి బుర్ర పనిచెయ్యడం మొదలుపెట్టింది. మైకు బ్యాటరీకి తగిలించి వీధంతా వినపడేలా చెప్పింది. "ఏం కావాలన్నా నా నంబరుకి మెసేజ్ పెట్టండి. ఇంట్లో ఎంతమంది, ఏం కావాలి, అంతే రాయండి. మెసేజ్ పెట్టిన ఇంటి దగ్గరే తెప్ప ఆగుతుంది. ప్రార్థన కావాలంటే నాన్నగారి నంబరుకి చెయ్యండి."

మైకు కట్టేసి తండ్రి వైపు తిరిగింది. "నీ డిపార్ట్‌మెంట్ నీది, నా డిపార్ట్‌మెంట్ నాది. సరేనా?"

"మీ అమ్మ కూడా ఉంటే బాగుండేది," అన్నారాయన.

"ఏ డిపార్ట్‌మెంట్‌లో?"



పద్ధతి గడియారంలా నడిచింది. పొద్దున మెసేజ్‌లు చూడటం, సంచులు కట్టడం, తెప్ప ఎక్కడం. వీధివాళ్ళ ఫోన్లు కూడా తెప్ప మీదే వచ్చి, మైకు బ్యాటరీ దగ్గర కడుపు నింపుకుని వెళ్ళేవి. ఇంకో గదిలో తండ్రి ఫోను స్పీకరులో మోగుతూనే ఉండేది. చెవి సరిగా వినపడదు ఆయనకి. దాంతో ఇల్లంతా అందరి కష్టాలూ వినాల్సి వచ్చేది. తల్లి బతికున్నప్పుడూ అంతే. తలుపు పక్కన పీట వేసుకుని ఏదో తరుగుతూ వినేది. సాయంత్రం తల మీద కొంగు కప్పుకుని, "ప్రార్థనకెళ్ళొస్తా," అని బయల్దేరేది. అప్పట్లో కూతురి చెవుల్లో పాటలుండేవి. అమ్మ ఎటు పోతోందో, చేతిలో ఏముందో ఎవరు పట్టించుకున్నారు?

వీధి మలుపులో మేడ మీద పాటల టీచరు ఉంటుంది. పెళ్ళి చేసుకోలేదు. మందిరంలో పాడే ప్రతి గొంతుకీ శ్రుతి ఆవిడే నేర్పింది. చిన్నప్పుడు కంప్యూటరమ్మాయి తప్పు పాడితే ఆవిడ అరవలేదు, ముక్కు మీది కళ్ళజోడు తీసి తుడుచుకునేది. అది తిట్టుకన్నా ఘోరం. ఇంట్లో బాధ వస్తే ఆ పిల్ల పరిగెత్తేది ఆ మేడ మీదికే. తల్లి పోయిన రోజు ఆమె తల పెట్టుకుని ఏడ్చింది కూడా ఆవిడ ఒళ్ళోనే.

ఆ మేడ ముందు నుంచి వెళ్తుంటే బ్యాంకు బాబాయి గెడ ఆపాడు. "అమ్మాయ్, టీచరమ్మ దగ్గర్నుంచి మెసేజ్ రాలేదా?"

"రాలేదు బాబాయ్."

"ఒకసారి అడుగు."

ఆమె తలెత్తింది. టీచరు బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. జుట్టు చక్కగా దువ్వుకుంది. అటూ ఇటూ బాల్కనీల నిండా జనం. వాళ్ళకి తెప్పే సినిమా.

"టీచర్! ఏమైనా కావాలా?" అని కేకేసింది.

అందరూ టీచరు వైపు చూశారు. కాంట్రాక్టరు భార్య పిట్టగోడ మీద మోచేతులు ఆనించి మరీ చూసింది.

"నాకేం కావాలి బంగారం? ప్రార్థన చెయ్యమను మీ నాన్నని, చాలు!" అని టీచరు నవ్వింది.

"నీళ్ళున్నాయా?"

"ఉన్నాయమ్మా, ఉన్నాయి. లేనివాళ్ళకివ్వు."

"చూశారుగా," అంది కంప్యూటరమ్మాయి. "ఆవిడది నాన్న డిపార్ట్‌మెంట్."

బ్యాంకు బాబాయి ఏదో అనబోయి, మింగేసి, గెడ వేశాడు.

ఆ మధ్యాహ్నం తండ్రి ఫోన్లో టీచరు గొంతు వినిపించింది. "అయ్యగారూ, కాస్త నలతగా ఉంది. ప్రార్థన చెయ్యండి."

"తప్పకుండా సహోదరీ. విశ్వాసంతో ఉండండి."

"నోరు పిడచగట్టుకుపోతోంది. ఏం లేదు, వయసు. సాయంత్రానికి... సరేలెండి. మీ పిల్లని చూస్తున్నానండీ రోజూ, తెప్ప మీద. వాళ్ళమ్మ నిలబడినట్టే నిలబడుతుంది."

అవతలి గదిలో సీసాలు సర్దుతున్న పిల్లకి ఆ చివరి మాట చెవిలో పడింది. కొంచెం పొంగింది కూడా. మిగతాది విన్నట్టే ఉంది, విననట్టే ఉంది. అది తన డిపార్ట్‌మెంట్ కాదు.

తండ్రి చాలాసేపు ప్రార్థించారు. పేరు పెట్టి, కన్నీళ్ళు పెట్టి ప్రార్థించారు. మర్నాడు టీచరు మళ్ళీ చేసింది. గొంతు సన్నగా వచ్చింది. మళ్ళీ ప్రార్థించారు. ఆ తర్వాత ఆవిడ ఫోన్ రాలేదు.

"కుదుటపడ్డట్టుంది," అన్నారాయన తృప్తిగా. "చూశావా? దేవుడు వింటాడు తల్లీ."

"మంచిది. నాకు ఒక సంచి మిగిలింది," అందామె.

బాల్కనీలో కుర్చీ ఖాళీగా కనబడింది బ్యాంకు బాబాయికి. ఎండగా ఉంది, లోపలికెళ్ళి ఉంటుందని ఆమె అంది. రెండోసారి కూడా ఖాళీగానే కనబడితే ఆయన ఆమెని అడగలేదు. తెప్పని నేరుగా మెట్లకి ఆనించి, గెడ పారేసి పైకెక్కాడు. ఆమె వెనకే వెళ్ళింది.

తలుపు గడియ వేసి లేదు. టీచరు మంచం మీద కాదు, వంటింటి గుమ్మంలో పడి ఉంది. అప్పటికే ఆలస్యమైపోయింది. గది వాసనే చెప్పింది ఏం జరిగిందో. పొయ్యి దగ్గర గ్యాసు బండ పక్కకి వంచి ఉంది, అడుగున మిగిలిన కాస్తా కూడా వాడేసిందన్నమాట. పక్కన బకెట్, దాని మూతికి పలచటి తెల్లగుడ్డ బిగించి కట్టి ఉంది. మెట్ల మీది వరదనీళ్ళు దాంతో వడకట్టుకుని తాగింది. గుడ్డ మీద మట్టి బిళ్ళకట్టింది. బ్రెడ్డు, బియ్యం, పాలపొడి, ఏ డబ్బా మూత తీసినా లోపల ఏమీ లేదు.

వీధి తలుపు పక్కన చిన్న బల్ల ఉంది. దాని మీద ఒక స్టీలు గిన్నె, తోమి, తుడిచి, మూత పెట్టి ఉంది. మూతకి ఒక పక్క సొట్ట.

ఆ సొట్ట పెట్టింది తనే, చిన్నప్పుడు, దాన్ని డప్పు చేసి వాయించి. అమ్మ పోయాక ఆ గిన్నె కోసం వంటిల్లంతా వెతికింది. దొరకలేదు.

"ఇదిక్కడికెలా వచ్చింది?" అంది.

బ్యాంకు బాబాయి గోడకి చేరబడ్డాడు. "ఈ గిన్నె ఏ ఇంటికి రాలేదు కనక! నా జీతం ఆపేసిన రోజుల్లో మా ఇంటికీ వచ్చింది. మేం ఎవర్నీ ఏమీ అడగలేదు. ప్రార్థన చెయ్యమని మీ నాన్నకి చెప్పాం. సాయంత్రం మీ అమ్మ వచ్చింది, ప్రార్థనకొచ్చానని. పక్కవాళ్ళకి వినపడేలా గట్టిగా చెప్పింది ఆ మాట. లోపలికొచ్చి కళ్ళు మూసుకుని రెండు ముక్కలు ప్రార్థించి, గిన్నె మర్చిపోయినట్టు పెట్టేసి వెళ్ళిపోయింది." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఈ వీధిలో మానం ఉన్నవాళ్ళు అడిగే పద్ధతి అదొక్కటేనమ్మా."

"మరి నాకు ఎందుకు చెప్పలేదు బాబాయ్?"

"నీకు తెలుసనుకున్నాను. ఆవిడ కూతురివి కదా."

ఆమె గిన్నె చేతిలోకి తీసుకుంది. అద్దంలా తోమిన గిన్నె. తిరిగిచ్చేద్దామని కాదు టీచరు దాన్ని గుమ్మం దగ్గర పెట్టుకుంది. వచ్చినవాళ్ళు తీసుకెళ్ళి నింపుకుని రావడానికి తేలికగా ఉంటుందని.

అంత్యక్రియల ఆరాధన మందిరం పై అంతస్తులో, బ్రెడ్డు పెట్టెల మధ్య జరిగింది. తడిసిన బట్టలతో వీధంతా వచ్చింది. పాడటానికి శ్రుతి అందించేవాళ్ళు లేక పాట ఎటో పోయింది. పాస్టరుగారు లేచి చెప్పారు. "ఈ సహోదరి ఇంత కష్టంలోనూ మనుషుల ముందు చెయ్యి చాపలేదు. ఏదీ కోరలేదు. దేవుడి మీదే భారం వేసింది."

చాలామంది కళ్ళు ఒత్తుకున్నారు. కాంట్రాక్టరు భార్య అందరికన్నా గట్టిగా ఏడ్చింది. కూతురు వెనక గోడ దగ్గర నిలబడి, గిన్నె మూత గోటితో గీకుతూ ఉంది. కోరింది నాన్నా, అనుకుంది. రెండుసార్లు కోరింది. స్పీకరులో కోరింది.

అందరూ వెళ్ళాక తండ్రి వంటింట్లో కూర్చున్నారు. ఆమె గిన్నె ఆయన ముందు పెట్టింది.

"అమ్మ సాయంత్రాలు ఎక్కడికెళ్ళేదో నీకు తెలుసా?"

"ప్రార్థనకి."

"దీంతోనా?"

ఆయన గిన్నె వైపు చూశారు. ఆమె చెప్పింది. మెత్తగా చెప్పాలనుకుంది గానీ మధ్యలో దూది లేదు కదా, ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన మొహం రంగు దిగిపోయింది. సీసాలో నీళ్ళు కారిపోతున్నట్టు చూస్తుండగానే ఖాళీ అయిపోయింది.

"ఇన్నేళ్ళూ వాళ్ళొచ్చి చెప్పేవాళ్ళు, అయ్యగారూ మీ ప్రార్థన దేవుడు విన్నాడు అని," అన్నారు చివరికి. "మరి నేను చేసినవన్నీ?"

గెలిచింది. వరద మొదటి రోజు నుంచి కోరుకున్న గెలుపు ఇదే. నోట్లో బురదలా ఉంది.

"అమ్మ వినేది నాన్నా," అంది.

ఫోన్ మోగింది. ఆయన కదలకపోతే ఆమే స్పీకరు నొక్కింది. చివరి ఇంటి చంటిపిల్ల తల్లి. "అయ్యగారూ, అంతా బాగానే ఉన్నాం. కొంచెం మా పాప కోసం ప్రార్థన చెయ్యండి."

పాస్టరుగారు నోరు తెరిచారు. అలవాటైన మాటలు రాలేదు. "అమ్మా... ఇంట్లో పాలున్నాయా?" అన్నారు.

"అయ్యో, మాకేం లోటండీ," అంది ఆవిడ గబగబా. ఫోన్ పెట్టేసింది.

తర్వాత కూతురు లేచి గిన్నెలో పాలపొడి నింపింది, సంచిలో నీళ్ళ సీసాలు పెట్టింది. మెట్ల దాకా వెళ్ళేసరికి తండ్రి వెనక నుంచి పిలిచారు. చేతిలో ఆయన నల్లట్ట పుస్తకం.

"ఇది పట్టుకెళ్ళు. పైకి కనబడేలా పట్టుకో. ఉత్త గిన్నెతో వెళ్తే తలుపు తియ్యరు."

"నాకు ప్రార్థన చెయ్యడం రాదు నాన్నా."

"నాకూ రాదని తెలిసింది కదా ఇవాళ," అన్నారాయన. తగవుకి కాదు, ఊరికే అన్నారు.

తెప్ప మీద కూర్చుంటే బ్యాంకు బాబాయి, "మెసేజ్ వచ్చిందా?" అన్నాడు.

"లేదు. ప్రార్థనకి."

ఆయన గెడ వేశాడు. మలుపులో బాల్కనీ కిందుగా వెళ్ళాల్సి వచ్చింది. పైన కుర్చీ అలాగే ఉంది. ఇద్దరూ తలెత్తలేదు. ఒళ్ళో సొట్టమూత తెప్ప కదిలినప్పుడల్లా టకటకమని కొట్టుకుంది. ఆమె దాని మీద పుస్తకం పెట్టి, పైన చెయ్యి వేసి నొక్కిపట్టింది.

చివరి ఇంటి కిటికీ మూసి ఉంది. అటూ ఇటూ బాల్కనీల్లో జనం తొంగి చూస్తున్నారు. కంప్యూటరమ్మాయి పుస్తకం పైకెత్తి, వాళ్ళందరికీ వినపడేలా అరిచింది.

"ప్రార్థనకొచ్చాం! తలుపు తియ్యండి."