మెల్కీసెదెకు తల్లెవరు?

బిక్షమ్మ పెనం మీద రొట్టె తిప్పింది. ఉప్పు వేయకూడదు, పిండి పులవకూడదు, మచ్చ పడకూడదు. మోత్కూర్ పక్కన ఓ ఊరి చర్చిలో, ఆరాధనలో అందరికీ పంచే ప్రభువు బల్ల రొట్టె కాల్చేది ముప్పయ్యేళ్లుగా ఆమే. ఊడ్చేదీ, గంట కొట్టేదీ ఆమే.

ఆమె అంగట్లో గంప కింద దొరికిన పిల్ల. సంఘపెద్ద యేసురత్నం తమ్ముడు ఆమెను చేసుకుంటానంటే, "తల్లి తండ్రి ఎవరో తెల్వని దాన్ని నా ఇంట్లకు తెచ్చుకుంటనా?" అని పెద్దాయన నలుగురిలో అడ్డం పడ్డాడు. తమ్ముడు తలవంచుకుని వేరే పిల్లను కట్టుకున్నాడు. బిక్షమ్మ మళ్లీ పెళ్లి మాటెత్తలేదు. ఆమె చేతి రొట్టె మాత్రం పెద్దాయన సుబ్బరంగా తింటూ వచ్చాడు!

ఒకసారి బైబిల్ తరగతిలో మెల్కీసెదెకు సంగతి వచ్చింది. అబ్రాహాముకు రొట్టె, ద్రాక్షారసం తెచ్చి దీవించిన యాజకుడాయన. తల్లి లేదు, తండ్రి లేడు, వంశం లేదని రాసివుంది. బిక్షమ్మ ప్రాణం లేచొచ్చింది. యేసురత్నం ఊరుకున్నాడా?

"ఆయన నోవహు కొడుకు షేమే. వంశం లేనోడు యాజకుడెట్లయితడు?"

దేవుడి యాజకుడికీ ఇంటిపేరు తగిలించాడు మహానుభావుడు! ఆ కడుపుమంట ఆమెకు నేటికీ చల్లారలేదు.

ఇప్పుడాయన మంచాన పడ్డాడు. ఆరాధన అయ్యాక పాస్టర్ డానియల్ ప్రార్థించి, రొట్టె ముక్క గుడ్డలో చుట్టి ఇచ్చాడు.

"పెద్దాయనకు జర తినిపించి రా బిక్షమ్మక్కా. నేను ఇంకో ఊరికి పోవాలె."

ఆ గడప తొక్కడం ఆమెకదే మొదలు. పెద్దాయన కొడుకు చౌటుప్పల్లో కంపెనీ డ్యూటీకి పోయాడు. కోడలు శోభ వాకిట్లో బట్టలు పిండుతోంది. బిక్షమ్మ మంచం పక్కన కూర్చుని రొట్టె చూపించింది, పెట్టలేదు.

"గా మెల్కీసెదెకు తల్లెవరు పెద్దయ్యా? లేదని చెప్పు. ఒక్క మాట. అప్పుడు పెడత."

ముసలాయన పెదవులు కదిలాయి. గాలి తప్ప మాట రాలేదు. చెయ్యెత్తి గోడ గూటివైపు చూపించాడు. గూట్లో బైబిల్ ఉంది. షేము సంగతి అందులో చూసుకొమ్మంటున్నాడని ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఇంక గదేనా? పానం పోయేటప్పుడు సుత పొగరు దిగలేదు. చెప్పేదాక నేను లేవ."

ఆ చెయ్యి కాసేపు అటే ఆడి, దుప్పటి మీద వాలింది. ఊపిరి ఆగిపోయింది.

బిక్షమ్మ కేకకు శోభ ఏడుస్తూ పరుగున వచ్చింది. "ఏమన్న అన్నడా పెద్దమ్మా?"

"ఏమనలే. గూటి దిక్కు చూపెట్టిండు."

"కట్టుడు పండ్ల సెట్టు ఇయ్యమన్నడు గావచ్చు. గది లేకుంటే ఆయనకు మాటే రాదు."

ఏం చెప్పబోయాడో! ఇన్నేళ్లు పగబట్టి కాచుకున్న మాటను తన చేతులారా ఆపేసుకుందా? బిక్షమ్మ లేచి గూటి దగ్గరికి వెళ్లింది. బైబిల్ వెనక గాజు గ్లాసులో, నీళ్ల అడుగున, పై పలువరుసా కింది పలువరుసా కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి.