నువ్వున్నావుగా

అత్తయ్యకు తల దువ్వేటప్పుడు మెడ ఎడమవైపు దువ్వెన తగలనివ్వను. మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళం అక్కడ లోపల పూడుకుపోయి సన్నబడిందట. పోయిన వారం టీ తాగుతూ తాగుతూ కుడిచేతిలో కప్పు వదిలేసింది. కాసేపు మాట రాలేదు. తర్వాత అంతా మామూలే, కానీ డాక్టరమ్మ అలా అనుకోలేదు. "ఇది హెచ్చరిక. త్వరగా మెడ దగ్గర ఆపరేషన్ చేసి ఆ పూడిక తీసెయ్యాలి" అంది.

ఎనభై ఆరేళ్ళ మనిషికి మెడ మీద కత్తా అని అడిగేశాను. డాక్టరమ్మ ఏదీ దాచలేదు. "ప్రమాదం లేదనను. ఆపరేషన్‌లోనే పక్షవాతం రావచ్చు, గుండెపోటు రావచ్చు. చిన్నవాళ్ళకంటే కాస్త ఎక్కువే. కానీ ఈవిడ గుండె బాగుంది, తన పనులు తానే చేసుకుంటోంది. వయసొక్కటే చూసి వద్దనను. ఈవిడ విషయంలో ఊరుకుంటేనే ఎక్కువ ప్రమాదం."

మా ఆయన ఇంటికి రాగానే తేల్చేశారు. "ఈ వయసులో కోతలేమిటి? మందులతో లాక్కొద్దాం. ఒకవేళ మంచాన పడినా, నువ్వున్నావుగా."

నువ్వున్నావుగా. మామయ్య పక్షవాతంతో మూడేళ్ళు మంచంలో ఉన్నప్పుడూ ఇదే మాట. ఎత్తిందీ దించిందీ పక్కబట్టలు మార్చిందీ నేనే. నా ఉద్యోగం పోయిందీ అప్పుడే, నడుం పోయిందీ అప్పుడే. ఊరికే దొరికే మనిషి ఇంట్లో ఉంటే ఏ ఆపరేషన్ అయినా అనవసరంగానే కనిపిస్తుంది. అమ్మ మీద ప్రేమో, నా మీద ధీమానో అని ఆయన మాటల్ని తిప్పి తిప్పి చూశాను. అనుమానం ఒకసారి పుడితే ఆగదు. ఆపరేషన్ చేయిద్దామని నేను పట్టుబట్టేసరికి, అటు ఆడపడుచుకి నా మీదే అనుమానం. "చాకిరీ తప్పించుకోవాలని వదినకి తొందర" అందట ఫోన్‌లో. ఒళ్ళు మండింది. అందులో కొంత నిజం ఉన్నందుకు ఇంకా మండింది.

జడ వేస్తుంటే అత్తయ్య అడిగింది. "నీకెందుకే అంత పట్టుదల? నిజం చెప్పు."

"సగం మీ కోసం, సగం నా కోసం. మళ్ళీ మూడేళ్ళంటే నా వల్ల కాదత్తయ్యా." అనేశాక నోరు జారానేమోనని భయం వేసింది.

ఆవిడ నవ్వింది. "అందరూ నా కోసమే అంటున్నారు. అందుకే ఎవర్నీ నమ్మలేదు. నువ్వొక్కదానివే సగం అన్నావు. పద, ఆ డాక్టరమ్మనే అడుగుదాం."

మర్నాడు ముగ్గురం వెళ్ళాం. "మెడ దగ్గర మాత్రమే మత్తిస్తాం. మీరు మెలకువగా ఉండి మాతో మాట్లాడుతూ ఉండాలి. మాట తడబడితే మెదడుకి రక్తం చాలట్లేదని మాకు తెలుస్తుంది" అంది డాక్టరమ్మ అత్తయ్యతో.

"అమ్మ ఎక్కువ మాట్లాడదండీ. ఏం కావాలన్నా నన్నడగండి" అన్నారు మా ఆయన.

"మీరు లోపల ఉండరండీ."

అత్తయ్య కుర్చీలో ముందుకు జరిగింది. "ఏదైనా మాట్లాడొచ్చా? మధ్యలో ఎవరూ ఆపరా?"

"మీరు ఆపితేనే మాకు కంగారు."

"అయితే చెయ్యండి."

బయటికి రాగానే మా ఆయన నన్ను పక్కకు పిలిచారు. "ఇదంతా నువ్వే నూరిపోశావు. రేపు ఏదైనా అటూ ఇటూ అయితే అమ్మనెవరు చూస్తారు?"

"మీరున్నారుగా" అన్నాను.