ఉల్టా నట్టు

గట్ల కాదు బిడ్డా, ముందుగాల నట్టు ముచ్చట రాయి. మామూలు నట్టు కుడిదిక్కు తిప్పితే బిగుస్తది. హైడ్రోజన్ గ్యాసు బండ నట్టు ఉల్టా. కుడిదిక్కు తిప్పితే వదులైతది. బోధన్ల సందూరు తొవ్వల ఉన్న స్పిరిట్ కార్ఖానల గీ సంగతి ఒక్క ఫిట్టర్ సత్తార్‌కే ఎరుక.

ఎనభై తొమ్మిదిల ల్యాబుకు కొత్త మిషనొచ్చింది. స్పిరిట్ల ఏమేం కలిసిందో సెప్తదట. దాని కడుపుల సన్న మంట మండాలె, ఆ మంటకు హైడ్రోజన్. సత్తార్ రాగి పైపు కలిపి, నట్టు బిగిచ్చి, తన జోడీ పోశయ్యతోని అన్నడు: "సబ్బునీళ్లు తెస్త పోశన్నా. నురుగు వెట్టి లీకు సూసేదాక ఎవ్వల్నీ ముట్టనియ్యకు."

గంతల్నే పెద్ద కెమిస్టు బాపురావు పూజ సామానుతోని వచ్చిండు. "ముహూర్తం దాటుతుంది. సాయిబు యాడ పండుకున్నడురా?"

అందరు నవ్విన్రు. పోశయ్య గూడ నవ్విండు. బాపురావు పాన తీస్కొని నట్టును కుడిదిక్కు ఇంకింత తిప్పిండు, బండ తెరిసిండు. పోశయ్య ఆ పాన అందుకున్నడు. దేవుని ఫోటో వెట్టి, కర్పూరం అంటిచ్చి, గంటలు గొట్టవట్టిన్రు. ఆ గంటల్ల గ్యాసు సుయ్యిమనుడు ఎవ్వలకు ఇనవడ్తది?

గుమ్మంల అడుగువెట్టిన సత్తార్‌కు ఇనవడ్డది. "ఆర్పుండ్రి! గ్యాసు!" అని ఒర్రిండు. బాపురావు హారతి బండ దిక్కే తిప్పుతుండు. సత్తార్ బకెట్ ఎత్తి సబ్బునీళ్లు గుమ్మరిచ్చిండు. హారతి మీద, దేవుని మీద.

"దేవుని మీద పోస్తవారా!" అన్నడు బాపురావు.

మొదటి దెబ్బ పోశయ్యదే. పానతోని భుజం మీద ఏసిండు. బొక్క పటుక్కుమన్నది. తర్వాత స్టూళ్లు, చెప్పులు, కాళ్లు. పండ్లు రాలి, నోటినిండ నెత్తురు. గంటలు ఆగినయి గదా, అప్పుడు ఇనవడ్డది పోశయ్యకు, సుయ్యిమని. ఉరికి నట్టు కుడికి తిప్పిండు. సప్పుడు ఇంకా పెరిగింది.

"ఉల్టా, పోశన్నా... ఉల్టా" అన్నడు సత్తార్, నేల మీదనే ఉండి.

ఎడమకు తిప్పిండు. ఆగింది.

"జరుగు పోశిగా, మళ్ల అంటిస్త" అని బాపురావు అగ్గిపుల్ల తీసిండు. పోశయ్య అదే పాన ఆయన నెత్తి మీదికి లేపిండు. అగ్గిపెట్టె కిందవడ్డది.

సత్తార్ చెయ్యి మళ్ల లేవలే. దేవుణ్ణి అవమానిచ్చిండని కాయితం రాసి నౌకరీ తీసిన్రు. ఆ కాయితం మీద పోశయ్య ఏలిముద్ర గూడ ఉన్నది. గీ నా ఏలిదే.

సత్తార్ బిడ్డ వాజిద బోధన్లనే ఉంటది. పొయ్యి ఆమెకు సదివి ఇనిపియ్యి బిడ్డా. కొట్టిన కాడ దాటెయ్యకు.