పోయొస్త

గోపాలరావు మోడెమ్ నెత్తిన రెండు దెబ్బలు వేశాడు. అది కీచుకీచుమని అరిచి, మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు దారి పట్టుకుంది. తొమ్మిదేళ్లుగా ప్రతి ఉదయం ఇదే తంతు. ఈ రోజు ఆఖరు. కంప్యూటర్లు కొన్నవాడు రేపు ఆటో తెస్తాడు. ఎల్లుండి నుంచి గోపాలరావుకి బేగంపేటలో ఉద్యోగం.

బొజ్జ, దారంతో కట్టుకున్న కళ్లజోడు, చెవి మీద పెన్ను: ఈయన ఏదో కనిపెట్టాడంటే ఎవరూ నమ్మరు. తోటివాళ్లంతా పెద్ద కంపెనీలకు పోతే, ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఈ గోదావరి జిల్లా మనిషి మేడ్చల్లో కంప్యూటర్ సెంటర్ తెరిచాడు. చాటింగ్ అన్న మాట ఇక్కడెవరూ వినని తొంభై ఎనిమిదిలోనే ప్రోగ్రాం రాశాడు. ఇక్కడ టైపు చేస్తే శామీర్‌పేటలో మల్లేష్ టెలిఫోన్ బూత్ తెర మీద కనిపించేది.

అప్పట్లో మాటలు ముగించడానికి ‘బంద్’ అనే బటన్ ఉండేది. మేడ్చల్ పక్కనే ఉన్న అత్వెల్లికి కోడలుగా వచ్చిన లత ఈ సెంటర్లో కూర్చుంటే, ఆమెతో మాట్లాడటానికి చెరువు చేపలమ్మే తల్లి శంకరమ్మ మల్లేష్ బూత్‌కి వచ్చేది. మల్లేష్ ఆ బటన్ చదివి వినిపించగానే మండిపడి అతనితోనే తిట్లు టైపు చేయించింది.

“ఏంది సారూ, బిడ్డతోని మాట్లాడి బంద్ అంటరా? పోయొస్త అనాలె. గటునుంచి పోయిరా అనాలె.”

మాట నిజమే. మర్నాటికల్లా మార్చేశాడు. ఒకరు ‘పోయొస్త’ నొక్కితే, అవతలివాళ్లు ‘పోయిరా’ నొక్కేదాకా తెర మూసుకోదు. బస్సు తప్పినా సరే, ఆ మాట వినకుండా ఎవరూ లేచేవారు కాదు.

ఇప్పుడు లత చేతిలో కూడా సెల్‌ఫోన్ ఉంది. సాయంత్రం దాకా ఈగలు తోలుకున్నాడు. తనకూ ఆ ఒక్క ‘పోయిరా’ కావాలి. అది రాకపోతే ఇన్నేళ్లూ ఖాళీ గదితో మాట్లాడినట్టే అనిపించి దిగులేసింది. ‘పోయొస్త’ నొక్కాడు. అరగంట గడిచినా ఉలుకూ పలుకూ లేదు.

అప్పుడు తెర మీద అక్షరాలు కదిలాయి. “సారూ, మల్లేష్‌ని. మీరు పోతున్నరంటే శంకరమ్మ గంపతోని ఉరికొచ్చింది.”

“పోయిరా అనమను బాబూ, బస్సుకి టైమైంది.”

“అననే అనదట సారూ. నన్ను గా బటన్ ముట్టనిస్తలేదు. ‘అంటే పోతడు. బొచ్చె చేపలు పక్కకు పెట్టిన, రేపొచ్చి తీస్కపొమ్మను’ అంటాంది.”

గోపాలరావు బొజ్జ కదిలేలా నవ్వాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ప్లగ్గు పీకితే క్షణంలో పని. చెయ్యి రాలేదు. లైటు, ఫ్యాను ఆపి, తాళం వేసి, ఇంటికి పోయే మచ్చ బొల్లారం బస్సెక్కాడు.

చీకటి గదిలో ఆ ఒక్క కంప్యూటర్ వెలుగుతూనే ఉంది, తెర మీద ‘పోయొస్త’, దాని కింద జవాబు కోసం ఒక ఖాళీ గడి.