పసుపు అంచు

సోషల్ మీడియాలో జనం పెట్టే పోస్టులను జల్లెడపట్టే ఆ ఆఫీసులో పెద్దమనుషుల పోస్టులకు పసుపు అంచు ఉంటుంది. మామూలు జనం రాసిన చెత్తను పొద్దస్తమానం తీసిపారేసే వాళ్ళు కూడా, ఆ అంచు కనబడగానే చేతులు ముడుచుకోవాలి. దాని కింద ‘తీసివేయి’ బటనే ఉండదు. ‘పైకి పంపు’ అన్నదొక్కటే ఉంటుంది. పైన లాయర్లుంటారు. వాళ్ళ మొహాలు ఎవరూ చూసిన పాపాన పోలేదు.

అక్కడ పాతకాపు అక్క. వయసుతో పని లేకుండా అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు. ఆ రోజు భోంచేసి వచ్చి సీట్లో కూర్చుందో లేదో, తెర మీద పసుపు అంచుతో ఒక ఫోటో పడింది. ఏడుస్తున్న పసిపిల్లను చంకనేసుకుని ఒక మనిషి మెట్లు దిగుతున్నాడు. కింద ఒక పార్టీ నాయకుడి రాత: ‘మన వీధుల్లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠావాడు వీడే. కనబడితే వదలకండి.’

ఆ మనిషి ఆమె సొంత తమ్ముడు.

తాళాలు బాగుచేసుకుని బతికే వెర్రిబాగులవాడు. లోపల గడియ పడిపోయి పిల్ల ఇంట్లో ఇరుక్కుంటే, తల్లి గుండెలు బాదుకుంటుంటే, పరిగెత్తుకెళ్ళి తలుపు తెరిచి పిల్లను ఎత్తుకొచ్చాడు. ఎదురింటివాళ్ళెవరో మెచ్చుకుని ఫోటో తీసి పెట్టారు. ఎన్నికల ఊపులో ఉన్న నాయకుడి చేతిలో పడి ఆ ఫోటో ఇలా తయారైంది. సాయం చేసినందుకు మంచి శాస్తే జరిగింది!

ఇలాంటి పోస్టు పడ్డాక ఏం జరుగుతుందో అక్కకు ఒకరు చెప్పక్కర్లేదు. జనం మీదపడి కొట్టి చంపిన వీడియోలు తర్వాత తొలగించేది కూడా ఆమే. ‘పైకి పంపు’ నొక్కింది. ఒకసారి పంపింది రెండోసారి వెళ్ళదని తెలిసీ మళ్ళీ మళ్ళీ నొక్కింది. లేచి సూపర్‌వైజరు దగ్గరికి పరిగెత్తింది.

“సార్, వాడు మా తమ్ముడు. అది పచ్చి అబద్ధం. ఇప్పుడే తీయించండి, మీ కాళ్ళు పట్టుకుంటాను.”

సూపర్‌వైజరు చెడ్డవాడేం కాదు, పిరికివాడు. “తమ్ముడైతే నువ్వసలు దాన్ని ముట్టుకోకూడదమ్మా, రూలు తెలుసుగా. నాయకుడు ఏమంటున్నాడో తెలుసుకోవడం జనం హక్కు అంటారు పైవాళ్ళు. తీస్తే నోరు నొక్కేశారని రేపు మన మీదే పడతారు.”

“ఉంచితే మావాడి ప్రాణం పోతుంది. అప్పుడెవరి మీద పడతారు?”

“ఎవరి మీదా పడరు. మనది ఉత్త గోడమ్మా. ఎవరు రాసింది వాళ్ళ బాధ్యత. గోడ మీద కేసుండదు,” అని తల దించుకున్నాడు.

ఆహా, ఏం గోడ! దిక్కులేనివాడి రాతను చిటికెలో చెరిపేసి, పెద్దవాడి రాతకు కాపలా కాసే గోడ.

అక్క వరండాలోకి పోయి ఫోను తీసింది. మేనత్త కొడుకులు, పిన్ని కూతుళ్ళు, ఇరుగుపొరుగు, కనబడిన నంబరుకల్లా చేసింది. “ఆ పోస్టు మీద కంప్లైంటు కొట్టండి. మీవాళ్ళందరి చేతా కొట్టించండి.” పాపం, కాదన్నవాళ్ళు లేరు. కంప్లైంట్లు వందల్లో పడ్డాయి.

తిరిగొచ్చేసరికి పసుపు అంచు మీద చిన్న తాళం బొమ్మ కనిపించింది.

“అయ్యో అక్కా, ఎంత పని చేశావు!” అంది పక్క సీటులోని కళ్ళజోడు పిల్ల.

ఒక్కసారిగా అన్ని కంప్లైంట్లు వస్తే, ఎదుటి పార్టీవాళ్ళు కూడబలుక్కుని దాడి చేస్తున్నారనుకుంటుంది మెషీను. ఇక విచారణ అయ్యేదాకా ఆ పోస్టును పైవాళ్ళు కూడా కదిలించలేరు. ఈ సంగతి కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే నేర్పేది ఎవరు? ఈ అక్కే. భయంలో ఆ పాఠం కాస్తా బుర్రలోంచి ఎగిరిపోయింది. నెత్తి బాదుకుంటూ తమ్ముడికి ఫోన్ చేసింది.

“చిన్నోడా, షాపు షట్టరు దించేసి వెనకదారిన వెళ్ళిపోరా.”

“నేనేం తప్పు చేశానక్కా? పారిపోతే నిజమే అనుకోరూ? ఉండు, ఒక వీడియో పెట్టి జరిగింది నేనే చెబుతా.”

మొండిఘటం. చిన్నప్పటినుంచీ అంతే. ఆమె ‘వద్దురా’ అనేలోగా ఫోన్ పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

కాసేపటికి ఆ వీడియో ఆమె తెర మీదికే వచ్చింది. నాయకుడి మనుషులు కంప్లైంట్లు కొట్టి పంపించారు. దానికి అంచూ లేదు, గించూ లేదు. తమ్ముడు చేతులు జోడించి షాపు ముందు నిలబడ్డాడు. వెనక బోర్డు మీద వీధి పేరు, ఫోన్ నంబరు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

“నేను దొంగని కాదండీ. ఆ పాప వాళ్ళమ్మనే అడగండి. నమ్మకం లేకపోతే వచ్చి నన్ను అడగండి, ఇక్కడే ఉంటాను.”

కింద కామెంట్లు పడుతున్నాయి. ‘వీధి దొరికింది.’ ‘బయల్దేరాం.’ ‘పక్క సందులోనే ఉన్నాం, తొందరగా రండి.’

ఈ వీడియో కింద ‘తీసివేయి’ బటను ఉంది. తనవాళ్ళ పోస్టు ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది. ఊడనీ! కానీ ఈ లోకంలో తమ్ముడి తరఫున ఉన్న మాట అదొక్కటే. అది ఉంటే వాడు ఉండడు. అక్క ఏడుస్తూనే నొక్కింది. ఒక్క నొక్కుకే పోయింది.

మళ్ళీ ఫోన్ చేసి చేసి ప్రాణం విసిగాక వాడు ఎత్తాడు. రొప్పుతున్నాడు.

“వెనక గోడ దూకానక్కా. షట్టరు పగలగొడుతున్నారు. నా పనిముట్లన్నీ లోపలే ఉండిపోయాయి.”

“పోతే పోనీరా. నువ్వు బతికావు, నాకదే చాలు.”

“అది కాదక్కా, నమ్మేవాళ్ళు కూడా వచ్చారు. ‘పాపం, మంచివాడిలా ఉన్నాడే’ అని ఒకావిడ రాసింది. ఆ పాప వాళ్ళమ్మకి కూడా ఎవరో చూపించారట. అంతలో ఏ దరిద్రుడో నా వీడియో తీసేశాడు. అది ఇంకాసేపుంటే అందరికీ తెలిసేది. నువ్వక్కడే కదా ఉండేది, ఎవడు తీశాడో కాస్త కనుక్కోవా?”

తెర మీద పక్క విండోలో నాయకుడు పెట్టిన ఆ ఫోటో తాళం బొమ్మతో అలాగే ఉంది. చూసినవాళ్ళ అంకె పెరుగుతూనే ఉంది.

“నేనే తీశానురా.”

“మరి ఆయనది తీయలేదేం అక్కా?” అన్నాడు తమ్ముడు.