ఎర్త్ బోల్టు

తెల్లవారేసరికి వాన వెలిసింది గాని ఆకాశం తేరుకోలేదు. మబ్బులు తడిగుడ్డల్లా కిందికి వేలాడుతున్నాయి.

పెద్దాయనను ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆయన ముక్కుకు గొట్టం, గొట్టానికి ఆక్సిజన్ మిషను. దాని సొంత బ్యాటరీ ఎప్పుడో చచ్చింది కాబట్టి దారంతా కారు సాకెట్టే దిక్కు. కిందటిసారి సగం దారిలో కరెంటు తగ్గి మిషను కీచుమని ఆగిపోయింది. మళ్లీ అందుకునేలోపు ఆయన పెదాలు నల్లబడ్డాయి.

కారు కొడుకుది. అతను బళ్లకు రంగులేసే పెయింటరు. కారు కరెంటు పని చూసేది అల్లుడు. బ్యాటరీ మార్చాడు, డైనమో మార్చాడు. అయినా లైట్లు ఓసారి వెలుగుతూ, ఓసారి నీరసిస్తూనే ఉన్నాయి.

"ఈసారి ఇంజనే మార్చేస్తావా బావా? మా నాన్న మీద ప్రయోగాలు చాలించు," అన్నాడు కొడుకు.

"ఆ నోటికి కాస్త బ్రేకేసి బండి స్టార్ట్ చెయ్యి బావా. లైట్లు, ఫ్యాను, వైపర్లు అన్నీ వెయ్యి," అన్నాడు అల్లుడు.

బ్యాటరీకి మీటరు పెట్టాడు. పద్నాలుగు వోల్టులు, కదలకుండా. సాకెట్టులో పెడితే పన్నెండు, పది, మళ్లీ పన్నెండు.

"డైనమో ఇస్తోంది, బ్యాటరీ పుచ్చుకుంటోంది. మధ్యలో ఎవరో మింగేస్తున్నారు."

"నన్ను చూస్తావేం?"

అల్లుడు మీటరు తీగ ఒకటి బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి బాడీ ఇనుము మీద ఆనించాడు. రెండూ సరిగ్గా కలిసుంటే మీటరు సున్నా దగ్గరే ఉండాలి. రెండు చూపించి నాలుగుకు ఎగిరింది. ఇంజన్ వణికినప్పుడల్లా అంకె గంతులేసింది.

ఇంజన్ ఆపించి, బ్యాటరీని బాడీకి కలిపే ఎర్త్ వైరు బోల్టు విప్పాడు. దాని కింద నున్నగా మెరిసే ఎర్ర రంగు. ఇనుము జాడ లేదు.

ఆ రంగు కొడుకు వేసిందే. నాన్న ఎక్కే బండికి తుప్పు ఉండకూడదని, ఆయన జబ్బుపడ్డ కొత్తలో బానెట్ కింది బోల్టులు కూడా విప్పి పూతల మీద పూతలు వేశాడు. ఆరాక అన్నీ బిగించేశాడు. ఇనుముకు ఇనుము తగలాల్సిన చోట వైరు కరెంటు పోనివ్వని రంగు మీద కూర్చుంది.

కొడుకు అల్లుడి చేతిలోంచి స్క్రూడ్రైవరు లాక్కున్నాడు. తనే గీరాడు. తెల్లటి ఇనుము బయటపడేదాకా ఆపలేదు.

వరండాలోంచి పెద్దాయన ఆయాసపడుతూ కేకేశాడు. "ఏంటా గీకుడు? మావాడి రంగు పాడుచేస్తున్నావా అల్లుడూ?"

"లేదు మావయ్యా. వైరు వదులైంది, అంతే."

కొడుకు తలెత్తలేదు. "నా వల్లేనని చెప్పకపోయావేం బావా?"

"చెప్పి ఏం బావుకుంటాను? బోల్టు పట్టుకో."

బిగించాక సాకెట్టులో అంకె పద్నాలుగుకు పిసరంత తక్కువలో నిలబడింది. వైపర్లు వేసినా కదల్లేదు. అయినా అల్లుడికి నమ్మకం చిక్కలేదు. ఇంజన్ నడుస్తుండగా కాసేపు మిషను పెట్టి చూశాకే బయల్దేరదామన్నాడు. పెద్దాయనను వెనక సీట్లో కూర్చోబెట్టారు. కూతురు కంచాలు బండి దగ్గరికే తెచ్చింది.

తలుపులు తెరిచిపెట్టి, ఉన్నచోటే తిన్నారు. నమిలేది మధ్యమధ్య ఆపి, మిషను వైపు చెవి పెడుతూ, మళ్లీ నములుతూ తిన్నారు. మిషను ఆగలేదు; కొడుకు కంచం సగంలోనే పక్కన పెట్టి స్టీరింగు ముందు కూర్చున్నాడు.