బీరువాలో లేని పురుగు

ఆదివారం వచ్చిందంటే ఆమె బీరువా ఖాళీ చేయాలి. రెండు నెలల క్రితం భర్త చొక్కా మడతలోంచి ఎండుగడ్డి రంగు పురుగొకటి ఎగిరింది. ఇల్లు పట్టించుకునే మనిషుంటే బట్టలకు చిమ్మట ఎందుకు పడుతుందని అత్తగారు దెప్పింది. ఇక వారమంతా ఆసుపత్రిలో కూర్చుని రోగుల చీటీలు రాయడం, ఆదివారం బట్టలన్నీ మంచం మీదికి దించి, దులిపి, కలరా ఉండలు వేసి మళ్లీ సర్దడం. బట్టలు ముగ్గురివి, నడుము మాత్రం ఒకరిదే.

నడుము నొప్పి కంటే ఆ పురుగే ఆమెను నిలవనివ్వలేదు. డిగ్రీలో మూడేళ్లు పురుగుల గురించి చదివి, ఇంట్లో తిరిగేదాని పేరు చెప్పలేకపోవడమా? కూర కలుపుతున్నా అదే ధ్యాస, చీటీ రాస్తున్నా అదే ధ్యాస. బట్టలు కొట్టే చిమ్మట వెలుగు చూస్తే దాక్కుంటుంది, ఇదేమో దీపం చుట్టూ తిరుగుతోంది. రెక్కల్ని ఒంటికి చాపలా చుట్టుకుంటోంది, మూతి ముందుకు సాగి ఉంది. ఒక సాయంత్రం ఆరేసిన బట్టలు తీయబోతే, తీగ కింద ఎదిగిన గడ్డిలో పోచకొకటిగా అవే పురుగులు అతుక్కుని కనిపించాయి. గడ్డి చిమ్మటలు. ఆరిన బట్టలతో పాటు ఇంట్లోకి వస్తున్నాయన్నమాట. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

చెబితే నమ్మరని తెలుసు. ఒకదాన్ని పట్టి గాజు సీసాలో పెట్టింది. అది ఇసుక రేణువుల్లాంటి గుడ్లు రాల్చి నాలుగు రోజులకే పోయింది. సీసాలో గడ్డిదుబ్బు నాటి, పక్కన భర్త పాత ఉన్ని మఫ్లరు ముక్క వేసింది. పిల్ల పురుగులు గడ్డి మొదళ్లలో పట్టుదారంతో గొట్టాలు అల్లుకుని, పోచలు కొరుక్కుతిని, చివరికి మట్టిలో గూళ్లు కట్టుకున్నాయి. ఈ ఆదివారం పొద్దున రెక్కలతో బయటికొచ్చాయి. మఫ్లరులో ఒక్క పోగు తెగలేదు.

మంచం మీది బట్టలు అలాగే వదిలేసి, సీసా పట్టుకుని హాల్లోకి పరుగెత్తింది. చెబుతుంటే మాట తడబడింది. భర్త మఫ్లరు ముక్కను వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నువ్వన్నదే నిజం, గడ్డిదే" అన్నాడు. ఫోను చేతిలోకి తీసుకుంటూ, "అయినా వారానికోసారి సర్దితే పోయేదేముంది? నీకు అలవాటైపోయిందిగా" అన్నాడు.

ఆమెకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ పురుగుదే తప్పనుకుంది. గదిలోకి వెళ్లి కాసేపటికి బయటికొచ్చి, పెరట్లో గడ్డి మధ్య కూర్చుని సీసా మూత తీసింది. చిమ్మటలు ఒక్కొక్కటే ఎగిరి పోచలకు అతుక్కున్నాయి.

లోపలి నుంచి అత్తగారు పిలిచింది. "మంచం నిండా బట్టలేనమ్మా. అబ్బాయి నడుం వాల్చేదెక్కడ?"

"నావి సర్దుకున్నాను అత్తయ్యా" అంది ఆమె, అక్కడి నుంచి లేవకుండానే. "మిగిలినవి మీవీ, ఆయనవీ."